ఊరికి దగ్గరి కళాశాల

మేము కాపురముండు రాంనగరమునకు చుట్టును విద్యాలయములే. అడిక్‌మెట్టు దాటిన ఉస్మానియా విశ్వవిద్యాలయము; నారాయణగూడలో బాలికల పాఠశాలలును, కళాశాలలును; చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము; దాని ప్రక్కనే అశోకనగరమున సర్కారు ఉద్యోగ పరీక్షలకు తరిఫీదునిచ్చు శిక్షణశాలలు. ఈ పేటలలో మేడమీద నొక గది యున్న ప్రతి గృహస్థుడును దానిని చదువుకొనువారికే అద్దెకిచ్చును. ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు. ఉదయము గ్రంథాలయము తలుపు తీయకముందే వాకిట బారులు తీర్తురు. లోపల చోటు చాలనివారు చెట్ల నీడను, మెట్లమీదను కూర్చుండి చదువుకొందురు. మధ్యాహ్నము కొందరు 2014లో నగరపాలక సంస్థ పెట్టిన అయిదు రూపాయల భోజనముతో సరిపెట్టుకొందురు. వీరిలో ఆడపిల్లలును తక్కువగా లేరు.

కూరగాయలకు పోవుచు, పాలకు పోవుచు నేను వారితో మాటలు కలుపుచుందును. ఏ ఊరమ్మా యని యడిగిన, పాలమూరనియో, నల్లగొండయనియో, ఖమ్మమనియో, ఆదిలాబాదనియో చెప్పుదురు. డిగ్రీ యెక్కడ చదివితివన్న, నూటికి తొంబదిమంది తమ జిల్లాలోని కళాశాల పేరే చెప్పుదురు. ఆ పేరు చెప్పునప్పుడు కొందరి గొంతు కొంచెము తగ్గును. అది నాకు కష్టముగా తోచును. ఆ చిన్న కళాశాలయే లేకున్న ఈ పిల్ల యీ మెట్టుమీద కూర్చుండియే యుండదుగదా!

సోదరీమణులారా, పట్నములోని గొప్ప కళాశాలలను గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. జిల్లాలలో పొలాల నడుమ, బస్సు నిలుచు తావునకు అరమైలు దూరమున, ఒక నీటితొట్టియు నాలుగు వేపచెట్లును గల కళాశాలలను గూర్చి వ్రాయువారు తక్కువ. మా యింటిలో నిరుటి వేసవి అంతయు వీనిని గూర్చియే తర్కము జరిగినది గనుక, నాకు తోచిన నాలుగు మాటలు మీతో చెప్పదలచితిని.

మొదట కొంచెము పూర్వవృత్తాంతము. నిజాము రాజ్యమున 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయము తరగతులు ఆరంభించినప్పుడు బోధనాభాష ఉర్దూ. తెలుగు పల్లె పిల్లవానికి అది రెండు విధముల దూరము: దారి దూరము, భాష దూరము. వరంగల్లున 1927లో ఇంటర్మీడియటు కళాశాల యేర్పడినది గాని తక్కిన తెలుగు జిల్లాలవారు పట్నమునకే రావలసియుండెను. వచ్చిన పిల్లవాడు ఎక్కడ నుండును? ఏమి తినును? ఈ ప్రశ్నకు సమాధానముగా పుట్టినదే 1918లో రాజా బహద్దూరు వేంకటరామారెడ్డిగారు నెలకొల్పిన రెడ్డి వసతిగృహము. గోలకొండ పత్రిక నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు చాలకాలము దాని బాధ్యతలు చూచిరి. తెలంగాణపు చదువుల చరిత్రలో కళాశాలలకంటె వసతిగృహములకే యెక్కువ పుటలీయవలెనని నా యభిప్రాయము. పాఠము చెప్పువాడు దొరకుట కష్టము కాదు, రాత్రి తలదాచుకొను చోటు దొరకుటయే కష్టము.

ఆడపిల్లల సంగతి వేరు. వారికొరకు 1924లో పట్నమున మహిళా కళాశాల వెలసినది. అది 1949లో కోఠీలోని రెసిడెన్సీ భవనమునకు మారినది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమై, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేర వెలుగుచున్నది. ఆంగ్లేయ దొర కట్టించుకొన్న నగరులో పల్లెపిల్లలు పాఠములు వినుట చూచినప్పుడెల్ల నాకు నవ్వును వచ్చును, సంతోషమును కలుగును. మా యింటికి నడచిపోదగు దూరములో, నారాయణగూడలో, మాడపాటి హనుమంతరావుగారు 1928లో తెలుగు మాధ్యమమున బాలికల పాఠశాల పెట్టించిరి. ఆ భాషలో చదివిన చదువును ఇచ్చటి విశ్వవిద్యాలయము గుర్తింపదయ్యె. అంతట వారు పూనాలో కార్వే పండితుడు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని, పిల్లలచేత ఆ పరీక్షలు వ్రాయించిరి. తెలుగు పిల్ల తెలుగులో చదివి పరీక్ష యిచ్చుటకు మహారాష్ట్రపు ముద్ర కావలసివచ్చెనన్నమాట.

మా ఆడపడుచు అత్తవారి యూరు దేవరకొండకును నల్లగొండకును నడుమ నున్నది. ఆ దేవరకొండలోనే 1931లో ఆంధ్ర మహాసభ రెండవ సమావేశము బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను జరిగినప్పుడు, దానితోపాటు మహిళాసభయు జరిగినది. టి. వరలక్ష్మమ్మగారు దానికి అధ్యక్షురాలు. అంతకు ముందటి యేడు జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మొదటి మహిళాసభ జరిగియుండెను. బండ్లమీద వచ్చి, కొంగు సవరించుకొని ఆ సభలలో కూర్చున్న స్త్రీలలో ఎందరికి అక్షరములు వచ్చునో గాని, వారి మునిమనుమరాండ్రకు ఆ చుట్టుప్రక్కల ఒక కళాశాల దొరకుటకు ఎంతకాలము పట్టినదో చూడుడు. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956లో వెలసినది. తెలంగాణ జిల్లాలకు ఉస్మానియా కాక వేరొక విశ్వవిద్యాలయము, వరంగల్లున కాకతీయ, 1976లో కలిగినది. నిజామాబాదునకు తెలంగాణ విశ్వవిద్యాలయము 2006లోను, నల్లగొండకు మహాత్మాగాంధి విశ్వవిద్యాలయము 2007లోను, పాలమూరునకును కరీంనగరునకును 2008లోను వచ్చినవి. అవి వచ్చిన పిమ్మట జిల్లాలలోని కళాశాలలకు పరీక్షలు పెట్టు కచేరి జిల్లాలోనే యేర్పడినది. పట్టా పత్రములో తప్పు పడిన దిద్దించుకొనుటకు పట్నమునకు రెండు మూడు పర్యాయములు తిరుగు బెడద తగ్గినది. ఇది చిన్న సంగతిగా మగవారికి తోచునేమో. తోడు వచ్చువారు లేక పత్రము తెచ్చుకొనక మానిన పిల్లను నేనెరుగుదును.

ఈ కథ మనది మాత్రమే కాదు. ఇప్పటి బంగ్లాదేశమున రంగపూరు జిల్లా యున్నది. అదియు మన నల్లగొండవలె సేద్యగాండ్ర జిల్లా. అచ్చట పైరాబందు అను గ్రామమున 1880లో పుట్టిన రొకేయా అను నామెకు బడి లేదు. అన్నగారు రాత్రివేళ, ఇంటివారు నిద్రించిన పిదప, దీపము పెట్టుకొని వంగభాషయు ఆంగ్లమును నేర్పెనని చెప్పుదురు. ఆమెయే పిదప 1911లో కలకత్తాలో ముసల్మాను బాలికలకు పాఠశాల నడపినది. ఆమె పుట్టిన జిల్లాలో కార్మైకేలు కళాశాల 1916లో లేచినది. విశ్వవిద్యాలయము మన పాలమూరు దానివలెనే 2008లో వచ్చినది, మరుసటియేడు దానికి ఆమె పేరే పెట్టిరి. అచ్చటి ప్రభుత్వము మరియొక పని చేసినది. 1994 మొదలు పురపాలక సంఘముల వెలుపలి పల్లెటూళ్లలో ఉన్నత పాఠశాలలో చదువు బాలికలకు దేశమంతట వేతనములిచ్చినది. షరతులు మూడు: బడికి నూటికి డెబ్బదియైదు దినములు రావలెను, పరీక్షలో నిర్ణీతమైన మార్కులు రావలెను, చదువు ముగియువరకు పెండ్లి చేసికొనరాదు. మూడవ షరతు చదివినప్పుడు ఆ పథకము వ్రాసినవారికి ఆడపిల్లల యిండ్ల సంగతి బాగుగా తెలియునని యనుకొంటిని. మన రాష్ట్రమున 2014లో ప్రారంభమైన కల్యాణలక్ష్మి పదునెనిమిదేండ్లు నిండిన వధువు పెండ్లికి ధనమిచ్చును. పేద తండ్రికి అది యాదరువే, కాదనను. అయినను పెండ్లి నాడిచ్చు సొమ్మునకును, పెండ్లి ఆగినందుకిచ్చు సొమ్మునకును చాల భేదమున్నది.

ఇక మా యింటి తర్కము. మా ఆడపడుచు పెద్దకూతురు నిరుడు ఇంటర్మీడియటు మంచి మార్కులతో తేరినది. రసాయనశాస్త్ర మనిన ఆ పిల్లకు ప్రాణము. నా భర్త ఉపాధ్యాయుడు. మేనకోడలు పట్నమునకు వచ్చి మా యింటనే యుండి కోఠీలో చదువవలెనని ఆయన పట్టుదల. మాకున్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. అయినను చోటు మనసులో నుండవలెనుగాని గోడలలో కాదుగదా. పిల్ల తండ్రి మాత్రము ఇంటరుతో చాలించుమనెను. అప్పటికే రెండు సంబంధములు వచ్చియుండెను. వారు మా యింటికి వచ్చిన నాడు ఆయన నాతోనే అనెను: "చెల్లె, పట్నంల ఉంచితే ఊళ్లె నలుగురు నాలుగు తీర్ల అంటరు. నీ ఇంట్లనే ఉంటదని నాకెరుకే. ఊరి నోటికి ఎరుక గావద్దా?"

ఆయన చెడ్డవాడు కాడు. అప్పుచేసి కూతురిని ఇంటరు చదివించినవాడు. అందుచేత ఆయన మాటను త్రోసివేయక, దానిని లోపలినుండి చూడవలెనని నాకు తోచినది. పట్నమునకు పంపుట యనునది తండ్రి విడిచిపుచ్చవలసిన యనుమతి. ఆ యనుమతిని ఆయన ప్రతి సెలవునకును మరల ఇయ్యవలెను. సంక్రాంతికి పిల్ల ఇంటికి పోవును. అచ్చట నొక పెద్దమ్మ సంబంధము తెచ్చును. ఇక నెందుకు పంపుట యనును. రెండవ యేట ఆగిపోయిన పట్నపు చదువులు నేను మా వీథిలోనే మూడు చూచితిని. దగ్గరి కళాశాల అట్లు కాదు. పిల్ల ఉదయము పొలమునకు పోయినట్లు పోవును, ప్రొద్దుగూకకముందు ఇల్లు చేరును. ఎవ్వరిని ప్రతిదినము అనుమతి యడుగనక్కరలేదు. మాన్పించుటకు తండ్రియే ఒక కారణము వెదకుకొనవలెను. కారణము వెదకుటకు తీరిక లేనివాడు సేద్యగాడు.

ఈ మాట నేను చెప్పగా నా భర్తకు కోపము వచ్చినది. "అక్కడ పాఠం చెప్పేవాళ్లుండవద్దా? భవనం ఉంటే కళాశాల అవుతుందా?" అని ఆయన ప్రశ్న. ఆ ప్రశ్నలో న్యాయము కలదు. సమీప పట్టణములోని ఆ కళాశాలకు మేమిరువురమును పోయి చూచితిమి. గోడలు మంచివే. కొన్ని శాఖలకు స్థిరమైన అధ్యాపకులు లేరు. గంటకింతయని వేతనమిచ్చి పిలిపించిన అతిథి అధ్యాపకులు చెప్పుచున్నారు. వారిలో కొందరు పట్నమునుండి దినదినము బస్సులో వచ్చువారు. బస్సు ఆలస్యమైన మొదటి పాఠము పోవును. ప్రయోగశాలలో గాజు సామగ్రి బీరువాలో భద్రముగా నున్నది, కొంచెము మితిమీరిన భద్రముగానే. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీరు ఉన్నదాయని నేనడిగితిని. ఆయన ఆ ప్రశ్న అడిగియుండడు. నీరు ఉన్నది, తలుపు గడియ ఒకటి లేదు. ఇట్టి గడియ లేకపోవుటచేత చదువు మానిన పిల్లల లెక్క యే నివేదికలోను కనబడదు. అచ్చటి వృక్షశాస్త్రపు అధ్యాపకురాలు మాత్రము మమ్ము తోటయంతయు త్రిప్పి చూపినది. అతిథి అధ్యాపకురాలే. ప్రతి చెట్టునకు తెలుగు పేరును, శాస్త్రీయనామమును రేకుపై వ్రాయించి కట్టినది. నా భర్త ముఖము అచ్చట కొంచెము మెత్తబడినది.

ఖర్చుల లెక్కయు వేసితిమి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు సొమ్ము లేదు. (డిసెంబరు 9 ఆ రొకేయా పుట్టినదినము, గతించిన దినము కూడ, ఇది కాకతాళీయమే గాని నాకు ముచ్చటగా తోచినది.) అంతకు ముందు నెలకు బస్సు పాసునకు పెట్టుటకు వెనుదీసి కూతురిని మాన్పించి కొడుకును పంపిన యిండ్లున్నవి. ఇప్పుడా యెత్తి తూచుట లేదు. బస్సు మాత్రము వేళకు రావలెను! ఆ యూరికి ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి, సాయంకాలమొకటి. సాయంకాలపు బస్సునకు అందవలెనన్న చివరి ప్రయోగపాఠము సగములో విడిచి రావలెను. కళాశాల గంట కొట్టు వేళను, బస్సు వేళను ఒకరినొకరు అడిగి నిర్ణయించినట్లు లేదు. సర్కారు రెండు చేతులతో రెండు పనులు మంచివే చేసి, ఆ చేతులు రెండింటిని కలుపుట మరచినది. ప్రైవేటు కళాశాలలలో వేరొక చిక్కు కలదు. సర్కారు ఇయ్యవలసిన ఫీజు సొమ్ము ఆలస్యమైనప్పుడు పిల్లల పత్రములు బిగబట్టుకొను యాజమాన్యములున్నవి. ఆ పత్రము లేక ఉద్యోగము తప్పిపోయిన పిల్ల ఒకతె అశోకనగరములో నాకు పరిచయము.

నాకు బడిచదువు లేదు. మా తాతగారి యొద్ద అమరము, రఘువంశము, పోతన భాగవతము చదివితిని. ఏ కచేరిలోను ఆ చదువునకు ముద్ర లేదు. పెండ్లియైన పిదప నేను పట్టము పొందినది సార్వత్రిక విశ్వవిద్యాలయము దయవలన. 1982లో ఆంధ్రప్రదేశమున నెలకొల్పబడిన ఆ సంస్థ దేశములో ఆ జాతిలో మొట్టమొదటిది. 1991లో దానికి అంబేడ్కరు పేరు పెట్టిరి. బడిమెట్టు త్రొక్కనివారును అర్హతపరీక్ష వ్రాసి డిగ్రీలో చేరు దారిని అది తెరచినది. దాని అధ్యయన కేంద్రములు చాలవరకు ఇట్టి జిల్లా కళాశాలలలోనే నడచును. సెలవు దినముల తరగతులలో నా ప్రక్కన అంగనవాడీ కార్యకర్తలు, పోలీసు జవానులు, నలువది యేండ్లు దాటిన తల్లులు కూర్చుండెడివారు. అనగా వారమంతయు పిల్లలకు బోధించు గదులే సెలవునాడు తల్లులకు బోధించుచున్నవి. ఆ గదులు జిల్లాలో లేకున్న ఆ తల్లులకు ఎక్కడ కూర్చుండబెట్టి చెప్పుదురు? దుర్గాబాయి దేశముఖుగారు మదరాసులో 1937లో ఆంధ్ర మహిళాసభ స్థాపించి, చదువు నడుమ ఆగిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషనునకు సిద్ధపరచిరి. వారు పట్నములో చేసిన పని జిల్లా జిల్లాకు జరుగవలెనన్న ఇట్టి గోడలును, ఇట్టి బల్లలును కావలెను.

తుదకు పిల్లనే యడుగుదమని నేనంటిని. ఇన్నిదినములు పెద్దలము తర్కించితిమి గాని ఆమె నోరు విప్పలేదు. దొడ్డిలో బట్టలారవేయుచు నాతో చెప్పినది: "అత్తమ్మా, నాకు మీ ఇల్లు ఇష్టమే. కాని నేను పట్నం పోతే చెల్లెను పంపరు. ఒక్కదాన్ని పంపినం గద అంటరు. నేను ఇక్కన్నుంచే పోతే దాన్ని ఎట్ల ఆపుతరు?" చెల్లెలు అప్పుడు తొమ్మిదవ తరగతి. ఇంత దూరపు లెక్క మాలో నొక్కరమును వేయలేదు.

ఆ మాట నేను లోపలికి పోయి అన్నగారికి చెప్పితిని. ఆయన చాలసేపు తల వంచుకొని కూర్చుండెను. సంబంధముల మాట ఆ దినము మరల రాలేదు. మరునాడు ఆన్‌లైనులో సీటుకు దరఖాస్తు పెట్టించితిమి. ఈ పద్ధతి 2016 మొదలు నడచుచున్నది. కళాశాల కళాశాలకు తిరిగి వరుసలో నిలువనక్కరలేదు, మీసేవ కేంద్రమున కూర్చుండి వరుసక్రమమున కళాశాలల పేర్లీయవచ్చును. పిల్ల మొదటి పేరు దగ్గరి కళాశాలదే యిచ్చినది. రెండవదిగా నల్లగొండలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల. మూడవదిగా, మామయ్య మనసు నొవ్వకుండుటకు, కోఠీ.

మొదటిదే దొరకినది. నా భర్త తన పుస్తకములలోనుండి రసాయనశాస్త్ర గ్రంథములు నాలుగు కట్టగట్టి పంపెను; ఆదివారములందు ఫోనులో పాఠము చెప్పుచున్నాడు, ఆయన విషయము లెక్కలైనను. తలుపు గడియ సంగతి మా ఆడపడుచు ఆ యూరి స్త్రీల పొదుపు సంఘములో చెప్పగా, వారు నలుగురు కలసి ప్రిన్సిపాలుగారి యొద్దకు పోయిరట. వారము దినములలో గడియ వచ్చినది. బస్సు వేళ మార్పించుటకు డిపో మేనేజరునకు అర్జీ వ్రాసినది నేనే. తాతగారు నేర్పిన తెలుగు అందుకు పనికివచ్చినది. సంతకములు ఆ యూరివారివి, ముప్పదికి పైగా, అందు వ్రేలిముద్రలు ఏడు. జవాబు ఇంకను రాలేదు. రెండవ అర్జీ వ్రాసియుంచితిని.

మొన్న దసరాకు వారు వచ్చినప్పుడు పిల్ల తన ప్రయోగపు పుస్తకము చూపినది. సగము పుటలలో ప్రయోగము పూర్తియైనది. తక్కిన సగములో బస్సు వేళకు ఆపివేసిన చోట చిన్న గీటు గీచి తేదీ వేసియున్నది. ఆ గీట్లు లెక్కించి రెండవ అర్జీలో చేర్చితిని. పండ్రెండు వచ్చినవి. పిల్ల తండ్రి ప్రక్కనే కూర్చుండి, చిన్నకూతురు ఇంటరు ఏ శాఖలో చేరవలెనని నా భర్తను అడుగుచుండెను.